మీ కంప్యూటర్ ఇప్పుడు పూర్తిగా సురక్షితం

సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేశాక కంప్యూటర్ ఆన్ కావడం లేదని జనం గగ్గోలు పెడుతున్నారు. ఇందులో గగ్గోలు పెట్టాల్సింది ఏముందో నాకర్థం కాదు. వైరస్ రాకూడదన్నారు, రాలేదు. హ్యాకర్ చొరబడకూడదన్నారు, చొరబడలేదు. డేటా ఎవరి చేతికీ చిక్కకూడదన్నారు, ఆఖరికి మీ చేతికి కూడా చిక్కలేదు. ఒప్పుకున్న పని అక్షరాలా చేసిపెట్టినవాళ్లను తిట్టిపోయడం ఏం మర్యాద? ఆన్ కాని కంప్యూటర్‌ను హ్యాక్ చేసిన మొనగాడు ఇంకా పుట్టలేదు. ఇంత గొప్ప సూత్రాన్ని ఆచరణలో పెట్టినవాళ్లకు శాలువా కప్పాల్సింది పోయి కోర్టుకీడుస్తున్నారు.

ఈ సూత్రం ప్రపంచమంతా ఒకేసారి అమలైన శుభదినం 2024 జులై 19. క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన ఫాల్కన్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. అందుకున్న విండోస్ కంప్యూటర్లు అందుకున్నట్టే విండోస్ కుప్పకూలినప్పుడు కనిపించే నీలం తెర వేసుకుని కూర్చున్నాయి. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం అవి సుమారు 85 లక్షలు. విమానాలు ఆగాయి, ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, టీవీ చానళ్లలో వార్తలు చదివేవాళ్లకు చదవడానికి వార్తలు లేకుండా పోయాయి. అయితే మొత్తం విండోస్ కంప్యూటర్లలో ఇవి ఒక శాతం కూడా లేవని మైక్రోసాఫ్ట్ వెంటనే ధైర్యం చెప్పింది. నిజమే. మిగతా 99 శాతం మంది ఆ స్థాయి రక్షణ కొనుక్కునే స్తోమత లేక, ఆ రోజు కూడా మామూలుగా పని చేసుకోవాల్సి వచ్చింది.

ఇంతకీ జరిగిందేమిటంటే, లెక్క తప్పింది. సాఫ్ట్‌వేర్ 21 విలువలు వస్తాయనుకుంది, అందినవి 20. రాని ఆ ఇరవై ఒకటోదాని కోసం మెమరీలో తనది కాని చోట వెతకబోయింది. మామూలు ప్రోగ్రామ్ ఇలాంటి పని చేస్తే అదొక్కటే మూతపడుతుంది, మనం ఓ తిట్టు తిట్టి మళ్లీ తెరుచుకుంటాం. కానీ రక్షణ సాఫ్ట్‌వేర్ ఉండేది కెర్నల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో. అక్కడ తప్పటడుగు పడితే విండోస్ మొత్తాన్నీ ఆపేస్తుంది. వైరస్‌లు కూడా ఏళ్ల తరబడి తంటాలు పడేది ఆ చోటు కోసమే. వాటికి అంత సులువుగా దొరకదు, వీళ్లకు మనమే డబ్బులిచ్చి మరీ చోటిస్తాం.

తప్పు తెలుసుకుని 78 నిమిషాల్లో ఆ ఫైలును వెనక్కి తీసుకున్నారు. మెచ్చుకోవాల్సిన వేగమే. కొత్త ఫైలు అందాలంటే ముందు కంప్యూటర్ ఆన్ కావాలి కదా అని కొందరు లాజిక్ తీశారు గానీ, ఏ మంచి పనికైనా వంకలు పెట్టేవాళ్లు ఉండనే ఉంటారు. కొన్ని క్లౌడ్ మెషీన్లు 15 సార్ల దాకా రీస్టార్ట్ చేస్తే లేచాయని మైక్రోసాఫ్ట్ సెలవిచ్చింది. పదహారోసారి సంగతి చెప్పలేదు.

లేవనివాటికి మార్గం సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన భాగాలతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి. అందులోకి వెళ్లి, డ్రైవర్ల ఫోల్డర్‌లో క్రౌడ్‌స్ట్రైక్ ఫోల్డర్ తెరిచి, సి-00000291తో మొదలయ్యే ఫైలును డిలీట్ చేయాలి. రెండు నిమిషాల పని. కాకపోతే ప్రతి కంప్యూటర్ దగ్గరికీ ఒక మనిషి నడిచివెళ్లాలి. వెళ్లాక, డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేసి ఉంటే, అది తీయడానికి రికవరీ కీ అడుగుతుంది. 48 అంకెలు, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. అవతలివాళ్లు ఫోన్‌లో చదువుతుంటే ఇవతలివాళ్లు మెడకింద ఫోన్ ఇరికించుకుని కొట్టాలి. ఐదో గుంపులో "సున్నాలు రెండా, మూడా?" అని అడిగేసరికి అవతల లైను కట్టవుతుంది. కొన్ని చోట్ల ఆ కీలన్నీ జాగ్రత్తగా ఒక సర్వర్‌లో దాచారు. ఆ సర్వర్‌కూ అదే రక్షణ కల్పించారు. దాంతో అది కూడా సురక్షితంగా నీలం తెర వేసుకుంది.

ఇదంతా నిన్నమొన్నటి విద్య అనుకుంటే పొరపాటు. 2010 ఏప్రిల్‌లో మెకాఫీ అనే యాంటీవైరస్ సంస్థ అప్‌డేట్ ఒకటి విండోస్ ఎక్స్‌పీలోని ఎస్‌వీసీహోస్ట్ అనే ఫైలును వైరస్‌గా పోల్చుకుని పట్టేసింది. అది లేకపోతే విండోస్ సరిగ్గా నడవదు. కంప్యూటర్లు ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ కాలక్షేపం చేశాయి. అప్పట్లో ఆ సంస్థ సాంకేతిక విభాగానికి పెద్ద జార్జ్ కర్ట్జ్. ఆయనే తర్వాత క్రౌడ్‌స్ట్రైక్ స్థాపకుల్లో ఒకరయ్యారు. అనుభవానికి విలువ లేదని ఎవరన్నారు?

2012లో సోఫోస్ అనే మరో యాంటీవైరస్ సంస్థ ఇంకో మెట్టు ఎక్కింది. తన అప్‌డేటర్‌నే వైరస్ అని పట్టుకుంది. ఆ తప్పు దిద్దే అప్‌డేట్ రావాల్సింది కూడా ఆ అప్‌డేటర్ ద్వారానే. 2015లో పాండా యాంటీవైరస్ తన ఫైళ్లనే అనుమానించి, దయచేసి కంప్యూటర్ రీస్టార్ట్ చేయకండని వేడుకుంది. ఒకరు పదిహేనుసార్లు చేయమంటారు, ఒకరు అసలు వద్దంటారు. ఏ కంపెనీ భక్తులు ఆ కంపెనీ ఆచారం పాటించడం ఉత్తమం.

ఇక ఒంటరిగా ఒక్క కంప్యూటర్‌తో కుస్తీపట్టే సామాన్యుడికి కస్టమర్ కేర్ ఉండనే ఉంది.

"సార్, రీస్టార్ట్ చేశారా?"

"ఆన్ అయితేనే కదండీ రీస్టార్ట్ చేసేది."

"అయితే మా సాఫ్ట్‌వేర్‌ను కాసేపు ఆపేసి చూడండి సార్."

గమనించారా? ఏ సమస్యకైనా రక్షకుడు చెప్పే మొదటి చిట్కా తనను పక్కన పెట్టమని. ఇంత వినయం ఏ వృత్తిలో ఉంది? పక్కన పెట్టడమే కాస్త కష్టం. మామూలుగా ఆన్ కాదు కాబట్టి సేఫ్ మోడ్‌లోకి వెళ్తాం. తీసేద్దామంటే, సేఫ్ మోడ్‌లో విండోస్ ఇన్‌స్టాలర్ సర్వీస్ పనిచేయదు కాబట్టి చాలా ప్రోగ్రామ్‌లు కదలవు. అందుకని తమ సాఫ్ట్‌వేర్‌ను వదిలించడానికి కంపెనీలే విడిగా రిమూవల్ టూల్ తయారుచేసి ఇస్తాయి. దాన్ని ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. ఇంటర్నెట్‌ను ఆ సాఫ్ట్‌వేరే ఆపేసి ఉంటే ఇంకో కంప్యూటర్ చూసుకోవాలి. ఒకటి సరిపోలేదని రెండో యాంటీవైరస్ కూడా వేసుకున్న అతిజాగ్రత్తపరుల గురించి చెప్పేదేముంది, ఒక వరలో రెండు కత్తులు ఇమడవు. ప్రతి ఫైలునూ రెండూ అడ్డం పడి సోదా చేస్తుంటే, మౌస్ కదిలించి ఫలితం కోసం వేచి ఉండాలి.

ఇంత జరిగాక పాలకులు ఊరుకుంటారా? 2025లో మైక్రోసాఫ్ట్ కదిలింది. యాంటీవైరస్‌లను కెర్నల్ బయట కూర్చోబెట్టే ఏర్పాట్లు మొదలుపెట్టింది. వాటికి టైమ్ పడుతుంది. ఈలోగా తక్షణ ఉపశమనంగా, దశాబ్దాలుగా జనాన్ని భయపెట్టిన ఆ నీలం తెరను నల్లగా మార్చింది. అందులో కనిపించే ఏడుపు ముఖం బొమ్మను కూడా తీసేసింది. ఆ బాధ్యత ఇకమీదట తెర ముందు కూర్చున్నవాళ్లే చూసుకోవాలి.