చంద్రుడి చాటున జంట తారలు: ఒక సందేశానికి ఖండన

ఆకాశంపై ఆసక్తి ఉన్నవారి మధ్య ఒక సందేశం పదేపదే చేతులు మారుతోంది. చంద్రుడు అడ్డొచ్చినప్పుడు కొన్ని నక్షత్రాలు ఒక్కసారిగా కాక రెండు మెట్లలో ఆరిపోవడానికి కారణం చంద్రుడి గాలిపొరో, అంచున ఉన్న కొండలో తప్ప అవి జంట తారలు (ఒకే చుక్కగా కనిపించే రెండు తారలు) కావడం కాదనీ, జంటలే అయినా ఆరిపోయే తీరును గమనించే ఈ పద్ధతిలో తేలేది వాటి మధ్య అసలు దూరం కాదనీ, తారల స్థానాలను కొలిచే గయా ఉపగ్రహం వచ్చాక ఇదంతా వృథా ప్రయాస అనీ దాని సారం. ఇందులో ఒక్క ముక్క నిజమే. దాన్ని చివర చూద్దాం.

ముందు గాలిపొర సంగతి. ఒక గోళానికి తగినంత గాలి ఉంటే దాని వెనక్కి పోయే నక్షత్రం క్రమంగా మసకబారుతుంది. 1988 జూన్ 9న ప్లూటో ఒక నక్షత్రాన్ని కప్పినప్పుడు అలాగే జరిగి, దానికి వాతావరణం ఉందని స్పష్టపడింది. చంద్రుడి విషయంలో గాలే కారణమైతే ఆ దారిన పోయే ప్రతి నక్షత్రమూ ఒకే తీరున మసకబారాలి. ఒకే రాత్రి ఒకటి దీపం ఆర్పినట్టు పోయి, మరొకటి రెండు మెట్లలో ఎందుకు పోతుందో ఆ వాదం చెప్పలేదు.

కొండల వాదం కొంత గట్టిది, ఎందుకంటే చంద్రుడి అంచు నిజంగానే ఎగుడుదిగుడు. అయితే కొండ అడ్డొస్తే నక్షత్రం కాస్త ముందుగా, లోయ వస్తే కాస్త ఆలస్యంగా మాయమవుతుందే గాని, సగం ఆరి ఆగదు. అంచును ఒరుసుకుంటూ సాగే నక్షత్రం కొండల సందుల్లో పలుమార్లు ఆరి వెలిగినా, ఆరినప్పుడు పూర్తిగా ఆరుతుంది, వెలిగినప్పుడు పూర్తిగా వెలుగుతుంది. జంట తార కాంతి మాత్రం కొంత పడిపోయి, ఆ మట్టంలో నిలకడగా ఉండి, ఆపైన సున్నాకు దిగుతుంది. ఆ మెట్టు ఎత్తును బట్టి రెండు తారల ప్రకాశాల నిష్పత్తి, అది నిలిచిన సమయాన్ని బట్టి వాటి ఎడం తెలుస్తాయి. చంద్రుడు నక్షత్రాల మధ్య సెకనుకు సుమారు అర ఆర్క్‌సెకను (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు కోణం) జరుగుతాడు కనుక, సెకనుకు 25 ఫ్రేములు తీసే వీడియోలో ఒక్కో ఫ్రేము 0.02 ఆర్క్‌సెకనుకు సమానం. 20 సెంటీమీటర్ల దూరదర్శినితో నేరుగా విడదీయగలిగేది సుమారు 0.6 ఆర్క్‌సెకను మాత్రమే.

కొండలు కల్పించిన భ్రమే అయితే, చంద్రుడు పక్కన లేని రాత్రి ఆ రెండో చుక్క కనిపించకూడదు. 1819 ఏప్రిల్ 13న వియన్నాలో యోహాన్ బ్యూర్గ్ అనే ఖగోళవేత్త, మన జ్యేష్ఠ అయిన అంటారిస్ చంద్రుడి చాటు నుంచి బయటపడడాన్ని గమనిస్తుండగా, ముందుగా ఒక మసక చుక్క కనిపించి, కొన్ని సెకన్లకు గాని అసలు నక్షత్రం వెలగలేదు. ఆ తోడు తారను తర్వాతి దశాబ్దాల్లో చంద్రుడి ప్రమేయం లేకుండానే దూరదర్శినుల్లో చూశారు. ఈ వాదానికి అంతకన్నా జవాబు అక్కర్లేదు.

గయా గొప్పదే, 2025 ఆరంభంలో పని ముగించేలోగా అది కొలిచిన తారలు కోట్ల మీద కోట్లు. అయినా పావు ఆర్క్‌సెకను కన్నా బాగా దగ్గరగా ఉన్న జంటలు దానికి ఒకే చుక్కగా కనిపిస్తాయి. చాలా ప్రకాశవంతమైన తారలు దాని పరిధికి బయటివి. రాజస్థాన్‌లోని మౌంట్ అబూలో 1.2 మీటర్ల దూరదర్శినితో పరారుణ కాంతిలో ఇలాంటి ప్రచ్ఛాదనాలను, అంటే చంద్రుడు తారలను కప్పే ఘటనలను నమోదు చేసి, కొన్ని మిల్లీ ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకనులో వెయ్యో వంతుల) స్థాయి వివరాలను రాబట్టారు.

ఇక నిజమైన ముక్క. ఒక్క పరిశీలనలో తేలేది చంద్రుడి అంచు కదిలే దిశలోని ఎడమే. రెండు తారలూ ఆ అంచుకు సమాంతరంగా ఉంటే, ఎంత దూరంలో ఉన్నా ఒకేసారి ఆరిపోతాయి. పైగా ఇది చంద్రుడి బాటలో ఉన్న రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ వంటి తారలకే పనికొస్తుంది. అందుకే ఒకే ఘటనను వేర్వేరు ఊళ్ల నుంచి నమోదు చేస్తారు: ఒక్కో ఊరికి నక్షత్రం అంచులోని ఒక్కో చోట మరుగవుతుంది గనుక, రెండు భిన్న దిశల కొలతలు దొరికితే అసలు ఎడమూ, దాని దిశా లెక్కకు వస్తాయి.