శాలువాలో పది శాతం

హైదరాబాదులో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు స్వతంత్ర ఏజెంటుగా పనిచేయదలచినవారు ముందుగా నేర్చుకోవలసింది శాలువాల లెక్క. ఇక్కడి టోర్నమెంట్లలో ఉత్తమ ఆటగాడికి డబ్బు ఇవ్వడం అమర్యాదగా భావిస్తారు కనుక, నిర్వాహకులు అతని భుజాల మీద శాలువా కప్పి, చేతిలో మెమెంటో పెట్టి పంపిస్తారు. ఒప్పందం ప్రకారం ఏజెంటుకు రావలసింది అందులో పది శాతం. దానిని పొడవున కోసుకోవాలా, అడ్డంగా కోసుకోవాలా అన్న ధర్మసందేహాన్ని ఇంతవరకు ఏ న్యాయస్థానమూ తీర్చలేదు. వస్తురూపంలో ముట్టిన ప్రయోజనాలపై పన్ను కోసేందుకు 2022లో ఆదాయపన్ను చట్టంలో ఒక నిబంధన వచ్చింది గానీ, అది ఏడాదికి 20,000 రూపాయలు దాటితేనే వర్తిస్తుంది. మా శాలువాకు ఆ గౌరవమూ దక్కదు.

అమెరికాలో ఈ వృత్తి ఇంత సూక్ష్మమైనది కాదు. అక్కడి పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో, ఆటగాడి జీతంలో ఏజెంటు 4 శాతానికి మించి తీసుకోకూడదని ఆటగాళ్ల సంఘమే నియమం పెట్టింది. ఐరోపాలో పది శాతం దాకా ఆనవాయితీ, అదీ చాలాసార్లు క్లబ్బే చెల్లిస్తుంది. క్లబ్బు ఎగ్గొడితే అడగడానికి 2007లో అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా నెలకొల్పిన మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ జెనీవాలో ఉంది. ఒప్పందంలో ఒక్క క్లాజు రాసుకుంటే చాలు, ఏదో ఒక దేశపు చట్టాన్ని పట్టుకుని వేలాడకుండా న్యాయమేదో చూసి తీర్పు చెబుతుంది. ఆ క్లాజును ఒక నిర్వాహకుడికి చూపించాను. “జెనీవా దాకా ఎందుకన్నా, మనం మనం కూసొని మాట్లాడుకుందాం” అన్నాడు. ఆ తరువాత కూర్చున్నదీ లేదు, మాట్లాడుకున్నదీ లేదు.

ఆయన దగ్గర ఇంకొక వాదం కూడా ఉంది: “పైసలదేముందన్నా, పిల్లగానికి పేరొస్తది గదా!” పేరు సంగతే చూద్దాం. 2015లో డల్లాస్ మావెరిక్స్ 52వ ఎంపికగా తీసుకున్న సత్నామ్ సింగ్, ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమంలో, స్థానం సంపాదించిన తొలి భారతీయుడు. ఈ దేశపు బాస్కెట్‌బాల్‌లో అంతకు మించిన పేరు ఎవరికి వచ్చింది? ఆయన ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ అయినా ఆడకుండానే, చివరికి రెజ్లింగులోకి వెళ్లాడు. అందుకే మా కుర్రాళ్లు ఒక కన్ను రింగు మీద, రెండో కన్ను రైల్వే స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్ మీద ఉంచుతారు. వాళ్లకు ఉద్యోగం వచ్చిన రోజున నా ఉద్యోగం పోతుంది. అయినా స్వీట్లు పంచేది నేనే.

ఇక ఆ నిర్వాహకుడి టోర్నమెంటు ప్రారంభోత్సవం. ఐదు గంటలకు మ్యాచ్ అన్నారు కనుక కుర్రాళ్లు నాలుగున్నరకే వచ్చి ఒళ్లు వేడెక్కించుకున్నారు. ముఖ్య అతిథి ఎనిమిదింటికి వచ్చాడు. వేదికను కోర్టు బయట వేస్తే ఫ్లెక్సీ రోడ్డు మీదికి కనబడదు కనుక ఒక రింగు కిందనే వేశారు. ఆ విధంగా ఒక జట్టుకు బుట్టే లేకుండా పోయింది. వేదిక మీద కూర్చున్న పెద్దలు రెండు జట్లలోని ఆటగాళ్లకంటే ఎక్కువ. జ్యోతి వెలిగించారు, కొబ్బరికాయ కోర్టు మధ్యలోనే కొట్టారు, పూలు చల్లారు. అతిథి ఒక బంతి వేస్తే ఫోటో బాగుంటుందన్నారు. మొదటి బంతి ఫ్లెక్సీలో ఆయన ముఖానికే తగిలింది. రెండోది కోశాధికారి టీ కప్పును చేరుకుంది. అప్పుడొక కార్యకర్త నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఆ రింగు కొంచెం కిందికి దించరాదే?” అని అడిగాడు. అది ప్రపంచమంతటా 3.05 మీటర్లే ఉంటుందని విన్నవించుకున్నాను. “ఈ ఒక్కసారికి” అన్నాడు. చివరకు కుర్చీ తెచ్చారు, దాని మీద స్టూలు వేశారు, అతిథిని ఎక్కించి నలుగురు పట్టుకున్నారు, బుట్ట దగ్గర ఆడే మా పొడుగు కుర్రాడు, సెంటర్ ఆటగాడు, బంతి అందించాడు. బుట్ట పడింది. బాణసంచా కాల్చారు. స్కోరు రాసే అబ్బాయి అమాయకుడు, రెండు పాయింట్లు వేశాడు.

తరువాత మ్యాచ్ మొదలైంది. మూడు గంటలు నిలబడి చల్లబడిపోయిన కాళ్లతో, ఎవరూ తుడవని కొబ్బరినీళ్ల మీద, పూలరేకుల మీద, ఆ సెంటర్ కుర్రాడు రీబౌండ్ కోసం, అంటే బుట్టలో పడక తిరిగొచ్చిన బంతి కోసం, ఎగిరి దిగాడు. మోకాలు మెలితిరిగింది. లిగమెంటు తెగిందని స్కానింగులో తేలింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. ఆపరేషన్ ఖర్చు సంగతి ఎత్తితే నిర్వాహకుడు, “ఆటన్నంక దెబ్బలు తగుల్తయి” అన్నాడు. తగులుతాయి. ఆటలో తగిలితే నేను నోరెత్తను. నీ కొబ్బరికాయ మీద జారిపడితే అది ఆట ఎట్లా అవుతుందయ్యా? బాణసంచాకు డబ్బుంది, ఫ్లెక్సీలకు డబ్బుంది, బిర్యానీకి డబ్బుంది. నీ టోర్నమెంటుకు జనాన్ని రప్పించిన పిల్లవాడి మోకాలికి మాత్రం శాలువా చాలునా? సిగ్గుండాలి.

ఆస్పత్రికి ఆయన వచ్చిన మాట నిజం. రెండో శాలువా కప్పి, ఫోటో దిగి, వచ్చే నెల టోర్నమెంటుకు ఇంకొక పొడుగు పిల్లవాడిని పంపమన్నాడు. పంపుతాను. ఒప్పందం కూడా పంపాను, ఒకే ఒక పేజీ: నగదు ముందుగా, ఆటగాళ్లకు బీమా, వేదిక కోర్టు బయట, కొబ్బరికాయ గేటు దగ్గర. పాత ఆపరేషన్ బిల్లు దానికి పిన్ను చేసి ఉంది. అది చెల్లించేదాకా నా కుర్రాళ్లలో ఒక్కడూ ఆ కోర్టులో కాలు పెట్టడు.