ప్రతి కష్టంలోనూ పాఠం వెతకాలా?
జీవితంలో జరిగే ప్రతి సంఘటనలోనూ దేవుడు మనకోసం ఒక పాఠం దాచి ఉంచుతాడని ఒక వ్యాసంలో చదివాను. ఆ వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. కొండచరియలు విరిగిపడి అయినవాళ్లను పోగొట్టుకున్నవారి దగ్గరకు వెళ్లి 'ఇందులో దేవుని ఉద్దేశం వెతుక్కోండి' అని చెప్పినవారిని చూశాను, కడుపు రగిలిపోయింది. యెరూషలేములోని సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా సువార్త 13వ అధ్యాయంలో ఉంది. వాళ్లు ఇతరులకంటే పాపులు కారని యేసు ఖండితంగా చెప్పాడు కదా! ఆ రోజుల్లో నా విశ్వాసాన్ని నిలబెట్టింది మా పక్కింటి ఒడియా అవ్వ. మందిరం వరండాలో తడిసిన వడ్లు ఆరబోసుకుంటూనే, తన దగ్గర మిగిలిన కాసిన్ని అటుకులు మా పిల్లలకు పెట్టింది. ఆమె క్రైస్తవురాలు కూడా కాదు. రోజువారీ జీవితంలో పాఠమంటే అలాంటిది చెప్పండి, మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను.