అరువు తెచ్చుకున్న పౌరుషం

2025 సెప్టెంబరు 28, ఆదివారం. దసరాకని ప్రొద్దుటూరు వచ్చి ఐదు రోజులైంది. అమ్మవారిశాల వైపు నుంచి మైకులో పాటలు, వంటింట్లో అక్క ఓళిగలకు పూర్ణం రుబ్బుతున్న చప్పుడు. బావ టీవీ ముందు కూర్చుని ఎనిమిదెప్పుడవుతుందా అని గడియారం చూస్తున్నాడు. దుబాయ్‌లో ఆసియా కప్ ఫైనల్, అదీ పాకిస్తాన్‌తో. నేనేమో ఓ మూల ఫోనులో సైకిల్ రేసు పెట్టుకున్నా. రువాండా రాజధాని కిగాలిలో ప్రపంచ చాంపియన్‌షిప్ రోడ్ రేసు. ఈ పోటీ ఆఫ్రికాకు రావడం అదే మొదటిసారి. మేనల్లుడొచ్చి నా భుజం మీద గడ్డం ఆనించి అడిగాడు.

"మామా, ఇందులో మనోళ్ళెవురు?"

"ఆ లేత నీలం చొక్కాలోళ్ళు. బెల్జియం."

"బెల్జియం ఎప్పట్నించి మనదైంది?"

జవాబు చెప్పలేకపోయాను. నేనుండేది బెల్జియంలోని లూవెన్‌లో కాబట్టి అనేశానంతే. కానీ వాడి ప్రశ్న నాలుగేళ్ళ కిందటి ఒక మధ్యాహ్నాన్ని తవ్వి ముందర పెట్టింది.

2021 సెప్టెంబరు 26న ఈ రేసు మా లూవెన్‌కే వచ్చింది. ఆంట్వర్ప్‌లో మొదలై 268 కిలోమీటర్లు తిరిగి మా ఊళ్ళో ముగిసింది. సైకిలంటే బెల్జియం వాళ్ళకు మన క్రికెట్ లాంటిదని రాయబోయి ఆగాను. దీనికి టిక్కెట్టు లేదు, గేటు లేదు. వాకిట్లో కుర్చీ వేసుకుంటే చాలు, చాంపియన్ చెయ్యి చాపినంత దూరంలో రొప్పుకుంటూ పోతాడు. వైన్‌పెర్స్ అనే చిన్న ఎత్తు దగ్గర పొద్దున్నించి నిలబడ్డాం, నేనూ మా పక్కింటాయనా. ఆయన చేతిలో బీరు గ్లాసు, నా చేతిలో ఆయనిచ్చిన జెండా. ఊరంతా తమ దేశపు రేసరు వౌట్ వాన్ ఆర్ట్ మీద ఆశ పెట్టుకుంది. తీరా చివరి చుట్టులో ఒంటరిగా వచ్చినవాడు ఫ్రాన్స్ దేశస్థుడు, అంతకుముందు ఏడాది కూడా గెలిచిన జూలియాన్ అలాఫిలిప్. నోరు తెరిచి, కళ్ళు ఎక్కడో పెట్టి, చెంపల మీద చెమట ఎండి తెల్లగా చారలు కట్టి వస్తున్నాడు. చుట్టుపక్కల వాళ్ళు బూతులందుకున్నారు. నేనూ అందుకున్నా. "యాడికి పోతావురా అంత బిరీన, నిదానంగా పోరా నాయాలా!" అని ప్రొద్దుటూరు బస్టాండులో అరిచినట్టే అరిచాను. పక్కింటాయనకు ముక్క అర్థం కాకపోయినా మురిసిపోయి నా వీపు తట్టాడు.

సిగ్గు విడిచి చెప్తున్నా, ఆ తట్టుడుకు నేను పొంగిపోయాను. వాళ్ళ డచ్ భాష క్లాసులకు అన్నేళ్ళు పోయినా ఒక్కరూ అట్లా తట్టలేదు మరి.

గెలిచాక అలాఫిలిప్ ఆ సంగతి దాచలేదు. కొందరు బెల్జియం అభిమానులు నెమ్మదిగా పొమ్మని, బాగాలేని మాటలతో అడిగారన్నాడు. వాళ్ళకూ థ్యాంక్స్ చెప్పాడు, ఆ మాటలకే ఇంకా గట్టిగా తొక్కానని. ఆ 'కొందరి'లో నేనూ ఒకణ్ణి. ఇంకో విషయం ఆ తర్వాత తెలిసి తల వంచుకున్నాను. ఇలాంటి కొద్ది రేసులకే వీళ్ళు దేశం చొక్కా వేసుకుంటారు. మిగతా ఏడాదంతా తొక్కేది కంపెనీ జట్లకు. అప్పట్లో అలాఫిలిప్ తొక్కుతున్నది డెక్యూనింక్ క్విక్‌స్టెప్‌కు, అంటే ఒక బెల్జియం జట్టుకే! బెల్జియం కుర్రాడు రెమ్‌కో ఎవెనెపూల్‌కు ఏడాది పొడుగునా పక్కన నడిచే తోడు. మేం తిట్టింది మా ఇంటి పాలేరునన్నమాట. ఇక వాన్ ఆర్ట్ పదకొండో స్థానంలో వచ్చాడు, లూవెన్‌లోనే పుట్టిన యాస్పర్ స్టౌవెన్‌కు నాలుగో స్థానం దక్కి పతకం అందకుండా పోయింది. ఫ్రాన్సును తిట్టడం అయిపోయాక, ఎవరు ఎవరి కోసం తొక్కాల్సిందని బెల్జియన్లు వాళ్ళలో వాళ్ళే కొన్నాళ్ళు తగువులాడుకున్నారు.

నా వాదనంతా ఒక్కటే. వలస వచ్చిన మనలాంటి వాళ్ళం కొత్త ఊరి మనిషి అనిపించుకోవడానికి ముందుగా అరువు తెచ్చుకునేది ఆ ఊరివాళ్ళ కోపాన్నే. అది చవక. వ్యాకరణం అక్కర్లేదు, పరీక్ష లేదు. డచ్‌లో ఒక వాక్యం సరిగ్గా కుదర్చలేనివాణ్ణి ఫ్రెంచివాళ్ళను వెక్కిరించడం మాత్రం ఒక్క పూటలో నేర్చాను. సొంతూరి నుంచి వెంట మోసుకెళ్ళేదీ అదే సరుకు. బెల్జియంలో మనవాళ్ళ సంఘం అందర్నీ కూర్చోబెట్టి మ్యాచ్ చూపించే క్రికెట్ స్క్రీనింగులు గుర్తు చేసుకోండి. అక్కడ ఎక్కువ గొంతు చించుకునేది ఇండియా వదిలి పదేళ్ళు దాటినవాళ్ళే. దూరం పెరిగేకొద్దీ గొంతు పెరుగుతుంది. నాకూ పెరిగింది.

మళ్ళీ కిగాలికి వస్తా. ఇంకా నూటనాలుగు కిలోమీటర్లు ఉందనగా స్లొవేనియావాడు తాదేయ్ పొగాచార్ కొండ మీద అందర్నీ వదిలి ముందుకు దూకాడు. వెంట పట్టుకోగలిగినవాళ్ళు ఇద్దరే, స్పెయిన్‌కు చెందిన హువాన్ అయూసో, మెక్సికోకు చెందిన ఇసాక్ డెల్ టోరో. తమాషా ఏమంటే ఆ ఏడాది ముగ్గురూ ఒకే యూఏఈ జట్టు మనుషులు. మేనల్లుడికి చెప్తే వాడికి వెంటనే వెలిగింది.

"ఐపీఎల్ మాదిరా మామా?"

అచ్చం అంతే. విదేశీ ఆటగాడు మన జట్టులో రెండు నెలలు ఆడిపోతే, తర్వాత మన మీద సెంచరీ కొట్టినా తిట్టడానికి నోరు పూర్తిగా రాదు. డేవిడ్ వార్నర్ హైదరాబాదుకు ఆడి తెలుగు పాటలకు చిందులేశాక అతన్ని ఎవరు మనస్ఫూర్తిగా ద్వేషించగలిగారు? మరి పాకిస్తాన్ ఆటగాళ్ళు 2008లో తొలి సీజన్ ఆడారు, ఆ తర్వాత ఐపీఎల్‌లో లేరు. ముంబై దాడుల గాయం, సరిహద్దు గొడవలు నాకు తెలియనివి కావు. వాటిని ఆట తుడిచేస్తుందనేంత అమాయకుణ్ణి కాను. కానీ ఒకే చొక్కాలో చూసే అవకాశం పోయాక, ఎదుటి చొక్కా తప్ప మనిషి కనపడడు.

అట్లాగని సీమ మనిషిని పోటీ వద్దనుకోమంటే కుదిరే పనేనా? చిన్నప్పుడు మా జేజినాయన భుజానెక్కి బండలాగుడు పోటీలు చూశాను. కర్నూలు వైపు నుంచి వచ్చిన జత మా ఊరి జతను చిత్తు చేసింది. మావాళ్ళ మొహాలు చూడాలి! ఈలలు, ఎగతాళి, మీసాలు దువ్వడం, అన్నీ ఉన్నాయి. పంచె ఎగగట్టుకుని కలబడిన సందర్భాలూ లేకపోలేదు. కానీ ఆ రోజు ఓడిన ఆసామి నేరుగా వెళ్ళి గెలిచిన ఎద్దు మూపురం నిమిరాడు, దవడ పట్టి పళ్ళు చూశాడు, "ఎంతకిస్తావన్నా?" అని బేరం పెట్టాడు. రాత్రికి ఆ కర్నూలు ఎద్దులకు ఉలవలు ఉడికింది మా జేజి పొయ్యి మీదే.

లూవెన్‌లో నేను కరివేపాకు కొనేది ఒక లాహోర్ ఆయన కొట్టులో. బియ్యం మూటను కారు దాకా ఆయనే మోసుకొచ్చి పెడతాడు. మ్యాచ్ ఉన్న వారం మనవాళ్ళు కొందరు ఆ కొట్టు గడప తొక్కరు. కరివేపాకు లేకుండానే పోపు పెట్టుకుంటారు, ఎవరికి నష్టమో! వచ్చే స్క్రీనింగుకు ఆయన్ను పిలుద్దామని మన సంఘం కార్యవర్గానికి నా మనవి. పక్కన కూర్చుని మనం అరుస్తాం, ఆయన అరుస్తాడు, మధ్యలో మిరపకాయ బజ్జీలు తింటాం. వద్దనేవాళ్ళు ఉంటారు. వాళ్ళతో వాదించడానికి నేను సిద్ధం.

కిగాలిలో పొగాచారే గెలిచాడు. సైకిల్ ఇబ్బంది పెట్టి మార్చుకోవాల్సి వచ్చినా ఎవెనెపూల్ రెండోవాడయ్యాడు. నూట అరవై మందికి పైగా బయలుదేరితే గీత దాటినవాళ్ళు ముప్పైమందే. "ఇంగ అది కట్టెయ్, టాస్ అయిపోయింది" అని బావ కేకేశాడు.

ఆ రాత్రి మన తిలక్ వర్మ 69 కొట్టి నిలబడ్డాడు, ఇంకా రెండు బంతులు ఉండగా గెలిచాం. వీధిలో టపాసులు. బావ లేచి ఎగిరాడు, నేనూ ఎగిరాను, ఓళిగ ముక్క సోఫా కింద పడింది. ఆ తర్వాత గంట దాటినా కప్పు ఇవ్వలేదు. పాకిస్తాన్ బోర్డు పెద్ద చేతి నుంచి తీసుకునేది లేదని మనవాళ్ళన్నారు, ఆయనేమో తానే ఇస్తానన్నాడు. బావ కూర్చున్నచోటే నిద్రపోయాడు.

"కప్పేది మామా?"

టీవీలో సూర్యకుమార్, జట్టంతా కలిసి, చేతుల్లో లేని కప్పును పైకెత్తి గంతులేస్తున్నారు. మావాడు కాసేపు తేరిపార చూసి, తనూ రెండు చేతులూ పైకెత్తాడు.