ఐదు శ్రుతికి ఓ పిసరు పైన

నిన్నటి సంగతి ఇంకెవరి నోటో వినేకంటే నా నోటే వినడం మంచిది. విజయనగరం అంత పెద్ద ఊరేం కాదు. ఆ వీధిలో కట్టిన హారన్లు మాత్రం చాలా పెద్దవి.

టెలికాస్టర్ మోడల్ ఎలక్ట్రిక్ గిటారు కొనాలా వద్దా అని కొన్నాళ్ళుగా కొట్టుకుంటున్నాను. దీనికంతటికీ మూలం మా బావమరిది. వాడు బెంగళూరులో ఉంటాడు. గిటారు వాయించడు, గిటార్ల వీడియోలు చూస్తాడు. "నలభై దాటాక మనిషికి ఏదో ఒకటుండాలి బావా" అన్నాడు. బీపీ ఉంది కదరా అన్నాను. వింటేనా!

వాడు చెప్పేవన్నీ అబద్ధాలైతే ఏ గొడవా లేకపోను. సగం నిజాలు. ఈ గిటారుని 1950లో బజార్లోకి తెచ్చిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసుకునే మనిషట. ఆయనకి గిటారు వాయించడం రాదట. ఈ ముక్క దగ్గరే నేను పడిపోయాను. చేసినాయనకే రానప్పుడు కొన్నవాడికి రాకపోతే తప్పేంటి? మన బొబ్బిలి పక్క గొల్లపల్లిలో పనస దుంగ ఒకటి తెచ్చి, కుండా దండీ విడిపోకుండా ఒకే చెక్కలోంచి వీణ తొలుస్తారు. ఈయనకి అంత ఓపిక లేదు. ఓ చెక్క కోసి, దానికి ఇంకో చెక్క పెట్టి, వెనకనుంచి నాలుగు స్క్రూలు బిగించేశాడు. చూడ్డానికి చపాతీ పీటకి కర్ర తగిలించినట్టు ఉంటుంది. ఆ పీట మీదే ప్రపంచం డెబ్బై అయిదేళ్ళుగా వాయిస్తోంది.

అమెరికాలో తయారైనది లక్ష దాటుతుంది గనక దాని ఊసు వదిలేద్దాం. ఆ ఫెండర్ కంపెనీయే స్క్వైర్ పేరుతో చవకవి చేస్తుంది. పోనీ అదైనా చేత్తో పట్టుకుని చూద్దామంటే ఎక్కడ చూడాలి? 1919 నుంచి మహారాజావారి సంగీత కళాశాల ఉన్న ఊరు ఇది. నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పిన చోటు, ఘంటసాల చదువుకున్న చోటు. ఆ పక్కనే నేను తిరిగిన కొట్లలో టెలికాస్టర్ అంటే ఒకాయన టీవీ స్టాండ్లు చూపించాడు. ఇంకొకాయన మామూలు గిటారు తీసి, "దీనికి వైరు ఎట్టించుకుంటే అదే ఎలక్ట్రికల్ అయిపోద్ది బాబూ" అన్నాడు. ఆన్‌లైన్లో రివ్యూలు చదివాను. "ప్యాకింగ్ బాగుంది, డెలివరీ అబ్బాయి మర్యాదస్తుడు, ఇంకా విప్పలేదు" అని రాసి అయిదు స్టార్లు ఇచ్చేశాడొక మహానుభావుడు. ఇలాంటివాళ్ళ మాట మీద వేలు పోసెయ్యాలా!

సరే, ఊళ్ళోనే ఒక కుర్రాడు సెకండ్‌హ్యాండుది అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. హైదరాబాదులో ఉద్యోగం వచ్చిందట, అందుకని అమ్మేస్తున్నాడు. నలభై వేలన్నాడు. అంకుల్ అని కూడా అన్నాడు. రెండో మాటే ఎక్కువ గుచ్చుకుంది.

గిటారు బటర్‌స్కాచ్ రంగు, మీద నల్ల ప్లేటు. చూడ్డానికి అచ్చం అదే. తల మీద పేరుండాల్సిన చోట మాత్రం అరగదీసి ఉంది. ఏమిటి బాబూ ఇది అంటే, "నోకాస్టర్ స్టైల్ అంకుల్" అన్నాడు తడుముకోకుండా. ఈ గిటారుకి మొదట బ్రాడ్‌కాస్టర్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో మా డ్రమ్ములున్నాయని గ్రెచ్ కంపెనీ అడ్డుపడింది. 1951లో కొన్ని నెలలపాటు లేబుల్లో ఆ ముక్క కత్తిరించేసి, ఉత్త ఫెండర్ అన్న పేరుతోనే గిటార్లు అమ్మారు. వాటినే నోకాస్టర్లంటారు, ఇప్పుడు వాటికి లక్షల మీద ధర. ఇదంతా నాకు తెలుసు. తెలిసినవాడిని కాబట్టే నోరు మూసుకోవాల్సి వచ్చింది. గరుకు కాయితం పెట్టి గోకినదానికి కూడా చరిత్ర చెబుతున్నాడు చూడండి!

"యాంప్ ఏదీ?"

"మొన్నే అమ్మేశాను అంకుల్."

ఎలక్ట్రిక్ గిటారు యాంప్ లేకుండా వాయిస్తే, పక్క కుర్చీలో మనిషికి కూడా సరిగ్గా వినపడదు. లేచొచ్చేద్దును. కానీ ఆ వీధిలో నిన్న అమ్మవారి పండగ. కోవెల ముందు టెంటు, టెంటు కింద అన్నసంతర్పణ, వీధికి ఆ చివరా ఈ చివరా స్తంభాలకి హారన్లు. ఆ మైకుసెట్టు వాడు ఈ గిటారు కుర్రాడి చిన్నాన్న. "మా సిన్నాన్న సెట్టులో ఎడదాం అంకుల్, బోయినాల టైము గదా, పాటలాపేశారు" అన్నాడు. ఎలా ఒప్పుకున్నానో నాకిప్పటికీ అంతుపట్టడం లేదు.

ప్లాస్టిక్ కుర్చీలో కూచోబెట్టి, గిటారు ఒళ్ళో పెట్టి, వైరు గుచ్చాడు చిన్నాన్న. గుచ్చి, "బంతి లేచిపోతంది, బేగి తినొచ్చేత్తాను" అని భోజనానికి పోయాడు.

గుంయ్‌య్‌య్...

వీధి రెండు చివర్ల నుంచీ ఒకేసారి. విస్తళ్ళ మీద చేతులు ఆగిపోయాయి. ఈ గిటారులో తీగల కదలికని పట్టేది సింగిల్ కాయిల్ పికప్, అంటే వెంట్రుకంత సన్నటి రాగితీగ వేల చుట్లు చుట్టిన అయస్కాంతం. చుట్టుపక్కల కరెంటు వైర్లు చేసే చప్పుడంతా అది పట్టేస్తుంది. ఈ గుంయ్ పోవడానికే గిబ్సన్ కంపెనీలో సేత్ లవర్ అనే ఆయన 1955లో రెండు కాయిళ్ళని ఎదురెదురు పెట్టి హమ్‌బకర్ చేశాడు. "అది వద్దు బావా, ఆ గుంయ్యే క్యారెక్టర్" అన్నది ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

తీగల మీద చెయ్యి వేశాను. గుంయ్ తగ్గింది. అమ్మయ్య అని చెయ్యి తీశాను. మళ్ళీ లేచింది. తీగలు లోపల ఎర్తుకి కలిసి ఉంటాయి, మనం ముట్టుకుంటే చప్పుడు తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. అంటే ఆ చిన్నాన్న దప్పళం, బూరె, పెరుగన్నం పూర్తిచేసి వచ్చేదాకా నేనా తీగలు వదలకూడదు. గిటారు వాల్యూం తగ్గిద్దామని బొత్తాం తిప్పాను. అది ఎన్నాళ్ళనుంచి తుప్పు పట్టిందో, హారన్లలో పటపటపటా పేలింది. పిల్లలు టపాకాయలనుకుని టెంటులోంచి పరిగెత్తుకొచ్చారు. వైరు పీకేద్దామా అంటే, ఆన్లో ఉండగా పీకితే ఢామ్మంటుందని నాకు తెలుసు. మైకుసెట్టు దగ్గరికి పోయి కట్టేద్దామా అంటే, అది బల్ల మీద అటు చివర ఉంది, దాని మీద అట్టముక్క: "ముట్టుకుంటే ఊరుకోను".

వదిలితే గుంయ్, తిప్పితే పటపట, పీకితే ఢాం. ఎడమచేత్తో తీగలు నొక్కి పట్టుకుని, కుర్చీలో బిగుసుకుని, వచ్చేపోయేవాళ్ళకి నవ్వుతూ కూచున్నాను. "ఏటి బాబూ, వాయించవా?" అందొక ముసలమ్మ. వాయిస్తానండీ అన్నాను. "మరెప్పుడు?"

పంక్తిలోంచి ఒక పెద్దాయన చెయ్యెత్తారు. సంగీతం మాస్టారట, రిటైరయ్యారు. "ఇందాకటి శ్రుతి మళ్ళీ ఓసారి పెట్టండి" అన్నారు. చెయ్యి తీశాను. కళ్ళు మూసుకుని విన్నారు. "ఐదు శ్రుతి. ఊహూ. ఐదుకి ఓ పిసరు పైన" అని మళ్ళీ పులిహోరలో పడ్డారు. ఇంటికొచ్చి లెక్క చూసుకుంటే, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఐదు శ్రుతిలో షడ్జం, అంటే స, బాగా కింది స్థాయిలో సెకనుకి 49 కంపనాలు, మన కరెంటుది 50. అమెరికాలో 60. ఆరుకి అయిదు, అంటే మన కరెంటు షడ్జమైతే వాళ్ళ కరెంటు సాధారణ గాంధారం. ఈ లెక్క వెయ్యి రూపాయల పుస్తకంలో కూడా దొరకదు. కానీ ఆ సమయంలో నాకు ఏ గాంధారమూ అక్కర్లేదు, చిన్నాన్న కావాలి.

అప్పుడు ఫోన్ మోగింది. మా ఆవిడ.

నా ఫోన్లో చెవి దగ్గర స్పీకరు పాడై చాలా రోజులైంది. లౌడ్‌స్పీకర్ మీదే మాట్లాడాలి. బాగుచేస్తానన్న షాపువాడు ఇవాళ రేపు అంటూ తిప్పుతున్నాడు, వాడి సంగతి వేరే చెబుతాను. ఉన్నది ఒక్క చెయ్యి. జేబులోంచి తీసి, నొక్కి, ఫోన్ని గిటారు మీదే, రెండు పికప్పుల మధ్య పెట్టి వంగాను.

ఫోన్ స్పీకర్లో ఉండేదీ అయస్కాంతమూ కాయిలే. ఆ కాయిలు పలికితే, పక్కనున్న పికప్పు కాయిలు దాన్ని వింటుంది. వైరు అక్కర్లేదు. గాలీ అక్కర్లేదు. ఇది నాకు నిన్న తెలిసింది. నాతోబాటు వీధి మొత్తానికీ తెలిసింది.

"ఏవండీ! చూశారా గిటారు?" అంది కోవెల.

నేను నోరు తెరిచేలోగా, "మాట్లాడకండి, చెప్పింది వినండి. ఎలాగూ కొంటారు, బేరమైనా సరిగ్గా చెయ్యండి. నలభై అన్నాడట కదా, తమ్ముడు చెప్పాడు. పదిహేను దగ్గర మొదలుపెట్టండి. ఏం చేసినా ఇరవై రెండు దాటొద్దు. ఆ కుర్రాడికి ఎల్లుండే ప్రయాణం, అమ్మక చస్తాడా! ఒప్పుకోకపోతే వచ్చేస్తున్నట్టు లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగండి. ఆగడం మర్చిపోకండి, మీరు నిజంగానే వచ్చేస్తారు."

ఫోన్ తియ్యాలి. కుడిచేత్తో తియ్యబోతే జారి, సరిగ్గా వెనక పికప్పు మీద పడింది. గొంతు ఇంకా స్పష్టమైంది.

"ఇంకో మాట. అక్కడ పండగ భోజనాలట. ఎంత బతిమాలినా తినకండి. నిన్నటినుంచి మీకు మోషన్స్."

పులిహోర బకెట్టుతో నా వైపు వస్తున్నాయన అక్కణ్ణించి అక్కడే వెనక్కి తిరిగాడు.

ఎలా కట్టేశానో గుర్తులేదు. తల ఎత్తితే కుర్రాడు ఎదురుగా నుంచుని ఉన్నాడు, ఫోన్లో వీడియో తీస్తూ.

"ఇరవై రెండుకి ఇచ్చేస్తాను అంకుల్. ఆంటీ చెప్పారు కదా."

"అదేం కుదరదు!" అంది ముసలమ్మ నా తరఫున. "ఆయమ్మ పదేనుకాడ మొదలెట్టమంది. పదేను అను బాబూ!"

పదిహేను అన్నాను. ఏం చెయ్యను?

"ఇరవై రెండు" అన్నాడు వాడు.

"మరింక లెగు! గుమ్మందాకా ఎల్లు, మేం సూత్తన్నాం" అని పంక్తి పంక్తంతా ఒకటే గోల. మాస్టారు కూడా విస్తరి వదిలేసి ఇటే చూస్తున్నారు. టెంటుకి గుమ్మం ఎక్కడుంటుందండీ! అయినా లేచాను. గిటారు చేతిలోనే ఉంది. మూడడుగులు వేసేసరికి వైరు అయిపోయింది.

ఢాం!

కోవెల మీద పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. మూతి తుడుచుకుంటూ చిన్నాన్న పరిగెత్తుకొచ్చాడు. ముందు మైకుసెట్టుని తట్టి చూసుకున్నాడు. తర్వాత హారన్లని. ఆఖర్న నన్ను.

"పాటయితే మా గుంటడి మొకం సూసి వొగ్గేద్దును బాబూ. ఇది ఎనౌన్సుమెంటు. రెండొందలివ్వండి."