బడి గురించి మాట్లాడితే మెమోనా?

జూన్ వచ్చిందంటే ప్రభుత్వ బడి టీచర్లు గడప గడపకూ తిరుగుతారు. 'మీ పాపను మా బడికి పంపండమ్మా' అని బతిమాలతారు. తెలంగాణలో ఈ పనికి 'బడిబాట' అని పేరు పెట్టి ప్రభుత్వమే వారిని పంపుతుంది. అదే టీచరు రెండు నెలలు తిరక్కుండానే, ఆ పాపకు బడిలో మరుగుదొడ్డి లేదని విలేకరికి చెబితే మెమో అందుకోవాల్సి వస్తుందేమోనని భయపడాలి. పిల్లల్ని బడికి తెచ్చే బాధ్యత అప్పగించి, వారి తరఫున మాట్లాడే హక్కు ఇవ్వకపోవడం అన్యాయం.

దీనికి మూలం 1964 నాటి ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి. ప్రభుత్వ విధానాలను ఉద్యోగి బహిరంగంగా విమర్శించకూడదని అది చెబుతోంది. సచివాలయంలో ఫైళ్లు చూసే అధికారికి ఆ కట్టడి ఉండొచ్చు. కానీ గోడ కూలేలా ఉందని, అయిదు తరగతులకూ తానొక్కరే దిక్కని టీచరు చెప్పడం విధానాన్ని విమర్శించడం ఎలా అవుతుంది? ఆ గోడను ఊరంతా రోజూ చూస్తూనే ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం, ప్రాథమిక బడిలో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు ఉండాలంటోంది. తాగునీరు, ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండాలంటోంది. అవి లేవని చెప్పిన టీచరు చట్టాన్ని గుర్తుచేస్తున్నట్టే కదా!

టీచర్లు గొంతు విప్పితే ఏం జరుగుతుందో తెలుగు నేల ఒకసారి చూసింది. 1990లలో రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఎంతోమంది పిల్లలు ఆసాముల దగ్గర జీతానికి ఉండేవారు. పశువుల వెంట, పొలం గట్ల మీద వాళ్ల బాల్యం కరిగిపోయేది. శాంతా సిన్హా నాయకత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ ఆ పిల్లల కోసం పనిచేస్తుంటే ప్రభుత్వ టీచర్లు కలిసివచ్చారు. బాలకార్మిక విమోచన వేదికగా ఏర్పడ్డారు. బడి వేళ అయ్యాక తల్లిదండ్రులతో మాట్లాడారు, ఆసాములకు నచ్చజెప్పారు. పదేళ్లు దాటిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుందని, ముందు బ్రిడ్జి కోర్సు శిబిరంలో చదివించి వయసుకు తగిన తరగతిలో చేర్చారు. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్న వారి మాట అప్పట్లో చాలామందికి అతిగా అనిపించింది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. ఇంటింటికీ తిరిగిన టీచర్లలో చాలామంది పేర్లు మాత్రం ఆ ఊళ్లు దాటి ఎవరికీ తెలియవు. ఆ పని చేయమని వారికి ఏ జీవో కూడా చెప్పలేదు.

ఇటీవలి ఉదాహరణా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో జీవో 117 వచ్చింది. 3, 4, 5 తరగతులను దగ్గరలోని హైస్కూళ్లకు తరలించారు. సబ్జెక్టు టీచర్లతో చెప్పించడం మంచిదే కదా అన్నది ప్రభుత్వ వాదన. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఎనిమిదేళ్ల పిల్లవాడు హైవే దాటి, కాలువ గట్టు మీద నడిచి వెళ్లాలన్న సంగతి కాగితం మీద కనబడదు. దాన్ని ముందుగా చెప్పింది టీచర్లే. ఊళ్లలో తల్లులు గేట్లకు అడ్డంగా కూర్చున్నారు. టీచర్లు, పట్టభద్రుల ఓట్లతో శాసనమండలికి వెళ్లిన పీడీఎఫ్ (ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్) ఎమ్మెల్సీలు 'బడి కోసం బస్సు యాత్ర' చేశారు. చివరికి 2025లో ఆ జీవోను పక్కన పెట్టారు. మొదట్లోనే టీచర్ల మాట విని ఉంటే పిల్లలకు మూడేళ్ల అగచాట్లు తప్పేవి.

టీచర్ల మీద జనంలో ఉన్న అసంతృప్తి మాకు తెలియనిది కాదు. పీఆర్సీ (వేతన సవరణ), డీఏ (కరువు భత్యం), బదిలీల కోసం నిండే ధర్నా చౌక్ మధ్యాహ్న భోజనం బిల్లుల కోసం నిండదు. తమ పిల్లల్ని ప్రైవేటు బడికి పంపే టీచరు, 'మీ పిల్లను మా బడికి పంపండి' అంటే తల్లి ఎలా నమ్ముతుంది? ఈ ప్రశ్నకు సంఘాలు నిజాయతీగా జవాబు చెప్పుకోవాలి. జీతం అడగడం తప్పు కాదు. కానీ డిమాండ్ల పత్రంలో పిల్లల సమస్యలు మొదటి పేజీలో ఉండాలి.

ప్రభుత్వాలు టీచరును ఎలా చూస్తున్నాయో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు చూసేందుకు టీచర్లకు డ్యూటీలు వేశారు. జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప వేరే పనులు అప్పగించకూడదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. ఆ డ్యూటీ చట్టవిరుద్ధమని పైకి అనడానికే టీచరు భయపడే పరిస్థితి ఉండకూడదు.

ఇంకో లోటు ఉంది. శాసనమండలిలో 12వ వంతు స్థానాలకు ఓటు వేసేది టీచర్లే. అయితే రాజ్యాంగం 171వ అధికరణ ప్రకారం సెకండరీ స్థాయికి తక్కువ కాని విద్యాసంస్థల వారికే ఆ ఓటు. అక్షరాలు దిద్దించే ప్రాథమిక బడి టీచరుకు లేదు. ఏ బడి ఊళ్లోంచి లేచిపోతుందోనని ఎక్కువ టెన్షన్ పడేది వాళ్లే.

రాజ్యాంగ సవరణకు సమయం పట్టవచ్చు. ప్రవర్తనా నియమావళిని సవరించడం రెండు రాష్ట్రాల చేతిలోనే ఉంది. బడిలో వసతులు, టీచర్ల కొరత, పిల్లల భద్రత గురించి వాస్తవాలు చెప్పడం క్రమశిక్షణ ఉల్లంఘన కాదని అందులో ఒక వాక్యం చేర్చాలి. వచ్చే జూన్‌లో టీచర్లు మళ్లీ గడప తొక్కేలోపే ఆ ఉత్తర్వు రావాలి.