మెక్సికోలో "అల్లర్లు" అట!

పొద్దున్నుంచీ ఒకటే రీలు తిరుగుతోంది. మనవాడే ఒకడు, మెక్సికో సిటీ రిఫార్మా రోడ్డు మీద సూట్‌కేసు పట్టుకుని "అల్లర్లు గయ్స్, ఎయిర్‌పోర్టుకెలా పోవాలి" అని ఒకటే ఏడుపు. వెనకాల చూస్తే టీచర్లు! గొడుగులేసుకుని, బ్యానర్ పట్టుకుని తాపీగా నడుస్తున్నారు. పక్కన ఒకావిడ తమాలెలు, అంటే ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి పొట్లాలు, అమ్ముకుంటోంది.

బాబూ, ఆ ఊళ్లో ఏ పూట ఎక్కడ మార్చ్ ఉందో పోలీసులే లిస్టు పెడతారు. గడప దాటేముందు జనం అది చూసుకుంటారు. పెద్ద మార్చ్ అంటే మామూలుగా ఏంజెల్ స్తంభం దగ్గర మొదలై సోకలో మైదానం దాకా. రిఫార్మా మీద తిరిగే మెట్రోబస్ ఏడో లైను ఆపేస్తారు, సోకలో మెట్రో స్టేషన్ మూస్తారు. అయెండే స్టేషన్లోనో పినో సువారెస్‌లోనో దిగి నడవాలి. నీ ఎయిర్‌పోర్టుకి మెట్రో అయిదో లైనుంది. రోడ్డు మూసినా రైలు నడుస్తుంది కదరా!

"పనీపాటా లేనివాళ్లు" అని కింద కామెంట్లొకటి. ఆ ఊళ్లోనే ఇస్తపలాపా అనే పేదల పేటలో కుళాయి ఎండిపోతే ఏం చేస్తారో తెలుసా? సందులో కూర్చుంటే పట్టించుకునేవాడుండడు. అందుకే మెయిన్ రోడ్డుకి అడ్డంగా తాడు కడతారు, ఖాళీ బకెట్లు వరసగా పెడతారు, ముసలావిడలకి కుర్చీలేస్తారు. ఆఫీసరొచ్చి "రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అంటాడు. అక్కడే జాగ్రత్త! ఆ మాట నమ్మి తాడు విప్పారా, చేతిలో కాయితం మిగులుతుంది, ట్యాంకరు మాత్రం రాదు. ట్యాంకరు కంటపడేదాకా తాడు కదలకూడదు.

ఇది పేదోళ్ల అలవాటు అనుకునేరు. 2024 ఏప్రిల్లో అదే ఊళ్లో డబ్బున్న బెనితో హువారెస్ ప్రాంతంలో కుళాయి నీళ్లు పెట్రోలు కంపు కొట్టాయి. మంచి మంచి అపార్ట్‌మెంట్ల వాళ్లు దిగొచ్చి ఏకంగా ఇన్సుర్హెంతెస్ రోడ్డునే బంద్ పెట్టారు. అంతదాకా ఎందుకు, వేరాక్రూస్ రాష్ట్రం రైతులు భూముల గొడవలో బట్టలిప్పేసి, తమ మాజీ గవర్నర్ బొమ్మ ఒక్కటే మొలకి అడ్డం పెట్టుకుని ఏళ్ల తరబడి రాజధాని రోడ్ల మీద డాన్సులాడారు. సరదాకి చేస్తారా ఎవరైనా?

పైగా అక్కడ రూలు కూడా ఉంది. మార్చ్ చేస్తున్నామని 48 గంటల ముందు చెప్పాలి. చెప్పడమే, పర్మిషన్ అడుక్కోవడం కాదు. 2016లో వాళ్ల సుప్రీంకోర్టే ఆ మాట తేల్చింది.

నాకు ఒళ్లు మండేది ఎవర్ని చూసో తెలుసా? రోడ్డెక్కే కుర్చీ ఎక్కినవాళ్లని. 2006లో ఎన్నికల్లో మోసం జరిగిందని ఓడిపోయిన అభ్యర్థి లోపెస్ ఒబ్రదోర్ ఇదే రిఫార్మా మీద నెలన్నర గుడారాలు వేయించాడు. అదే ఆయన ప్రెసిడెంటయ్యాక, 2021 మార్చి 8 ఆడవాళ్ల మార్చ్‌కి ప్రెసిడెంటు ప్యాలెస్ చుట్టూ ఇనప గోడలు లేచాయి! ఆడవాళ్లు ఊరుకున్నారా? హత్యకి గురైన వాళ్ల పేర్లన్నీ ఆ గోడ మీదే రాసిపెట్టారు.

ఎక్కడో విన్నట్టుంది కదూ? మిలియన్ మార్చ్‌లు, రైల్ రోకోలు, నడిరోడ్డు మీద వంటావార్పులు, 42 రోజుల సకల జనుల సమ్మె. వీటన్నిటి పుణ్యమా అని వచ్చిన ప్రభుత్వం 2017లో ఇందిరా పార్కు ధర్నా చౌక్‌ని ఎత్తేసి, ధర్నాలు ఊరి బయట చేసుకోండి అంది. ఎవరికి వినపడాలని, గొర్రెలకా? ఎందుకయ్యా అంటే ట్రాఫిక్కట, చుట్టుపక్కల వాళ్లకి ఇబ్బందట. మరి మంత్రిగారి కాన్వాయ్ కోసం మమ్మల్ని సిగ్నల్ దగ్గర ఎండలో నిలబెడతారే, అది 48 గంటల ముందు ఎవరికి చెప్పి చేస్తున్నారు సార్?